ఫారమ్ 1041లో రిటైర్మెంట్ పంపిణీలు: ట్రస్టీలకు ఎదురయ్యే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో లివింగ్ ట్రస్ట్ (జీవించి ఉండగానే ఆస్తుల కోసం ఏర్పరచే ట్రస్ట్) రాయించుకుని, 401(కె), ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలకు లబ్ధిదారుగా ఆ ట్రస్ట్ పేరునే ఇచ్చినవారు కొందరు ఉన్నారు. ఖాతాదారు మరణించిన తరువాత ఆ సొమ్ము ట్రస్ట్‌కు చేరుతుంది, మరుసటి సంవత్సరం ఆరంభంలో ఆ చెల్లింపు వివరాలతో 1099-ఆర్ పత్రం వస్తుంది. అంతవరకు తన సొంత 1040 (వ్యక్తుల పన్ను రిటర్న్) తప్ప మరో రిటర్న్ చూడని కొడుకో కూతురో ట్రస్టీ హోదాలో ఫారమ్ 1041 అనే ట్రస్ట్ పన్ను రిటర్న్ ముందు కూర్చోవలసి వస్తుంది. ఎంత సొమ్ము వచ్చిందో మాత్రమే 1099-ఆర్ చెబుతుంది. దానిపై పన్ను ట్రస్ట్ కట్టాలా, లబ్ధిదారు కట్టాలా అన్నది ట్రస్ట్ దస్తావేజు, రాష్ట్ర చట్టం, ట్రస్టీ నిజంగా ఎవరికి ఎంత చెల్లించారన్న వాస్తవం కలిసి తేలుస్తాయి. కింది సమస్యలలో చాలావాటికి మూలం ఈ తేడాను గమనించకపోవడమే.

సమస్య: ఫారమ్ 1041లో పెన్షన్‌కు, ఐఆర్‌ఏకు గడి కనిపించడం లేదు.

వ్యక్తుల ఫారమ్ 1040లో ఐఆర్‌ఏకు, పెన్షన్లకు వేర్వేరు వరుసలు ఉన్నాయి కాబట్టి ఇక్కడా ఉంటాయని అనుకోవడం సహజం. ట్రస్ట్ రిటర్న్‌లో అటువంటి వరుస లేదు. ఈ సొమ్మును 8వ వరుసలో, అంటే ‘ఇతర ఆదాయం’ కింద, రకాన్నీ మొత్తాన్నీ రాసి చూపాలి. కొందరు దీనిని 4వ వరుసలో మూలధన లాభంగా వేస్తారు. ఖాతాలో ఉన్నవి షేర్లే కదా అన్నది వారి వాదన. కానీ సాంప్రదాయిక ఐఆర్‌ఏ నుంచి వచ్చే డాలరు ఏ షేరు అమ్మగా వచ్చినా సాధారణ ఆదాయమే అవుతుంది. మరణంతో ఇంటికీ షేర్లకూ లభించే కొత్త విలువ (మరణించిన నాటి ధరనే కొన్న ధరగా లెక్కించడం) దీనికి వర్తించదు, ఎందుకంటే చట్టం దీనిని మరణించినవారికి రావలసి ఉండి పన్ను పడకుండా మిగిలిన ఆదాయంగా చూస్తుంది.

ఒక్క మాట. ట్రస్ట్ రాసినవారు జీవించి ఉండి, దానిని ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు వారికే ఉంటే, వారి ఐఆర్‌ఏ నుంచి వచ్చిన సొమ్ము వారి 1040లోకే వెళ్తుంది. ఆ దశలో దీనిని 1041లో చూపవలసిన పని లేదు.

సమస్య: 1099-ఆర్ మరణించినవారి సోషల్ సెక్యూరిటీ నంబరుతో వచ్చింది.

ఖాతాను ట్రస్ట్ పేరుకు మార్చక ముందే సంస్థ సొమ్ము విడుదల చేసినప్పుడో, ట్రస్ట్ కొత్త ఈఐఎన్‌ను (ట్రస్ట్‌కు ఇచ్చే పన్ను గుర్తింపు నంబరు) సంస్థకు అందించనప్పుడో ఇలా జరుగుతుంది. అలాగే వదిలేస్తే అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ కంప్యూటరు ఆ మొత్తాన్ని మరణించినవారి చివరి 1040తో పోల్చి చూసి, ఆదాయం దాచారంటూ ఆ పేరుమీదనే నోటీసు పంపుతుంది.

ముందుగా చెల్లింపు తేదీని చూడాలి. మరణానికి ముందు చెల్లించినది చివరి 1040కి చెందుతుంది. ఆ తరువాత లబ్ధిదారు హోదాలో ట్రస్ట్‌కు చెల్లించినది ట్రస్ట్‌దే అవుతుంది. మరణించిన సంవత్సరంలో ఖాతాదారు తప్పనిసరిగా తీయవలసి ఉండి తీయకుండా మిగిలిన మొత్తాన్ని ట్రస్ట్ తీసుకున్నా పన్ను లెక్క ట్రస్ట్ వైపే వస్తుంది. తేదీలు తేలాక, సరిదిద్దిన 1099-ఆర్‌ను ట్రస్ట్ ఈఐఎన్‌తో ఇమ్మని సంస్థను రాతపూర్వకంగా అడగాలి. సంస్థ ఒప్పుకోకపోతే, పత్రంలో పేరున్నవారి తరఫున నామినీ పద్ధతిలో (తన పేరున వచ్చినా సొమ్ము వేరొకరిదని తెలిపే పద్ధతి), అసలు హక్కుదారైన ట్రస్ట్ పేరిట మరో 1099-ఆర్‌ను ఫారమ్ 1096 అనే కవరు పత్రంతో జతచేసి దాఖలు చేసే మార్గం ఉంది.

పత్రం చేతిలో ఉండగానే 7వ గడిలోని సంకేతాన్ని కూడా చూడాలి. మరణం వల్ల జరిగిన పంపిణీకి అక్కడ 4 ఉండాలి. పొరపాటున 1 పడితే 10 శాతం ముందస్తు ఉపసంహరణ జరిమానా వర్తిస్తుందని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. నిజానికి మరణానంతర పంపిణీలకు ఆ జరిమానా లేదు.

సమస్య: పన్ను విధించదగిన మొత్తం పూర్తి మొత్తంతో సమానంగా ఉంది, కానీ ఖాతాలో పన్ను కట్టిన సొమ్ము కూడా ఉందని గుర్తు.

ఐఆర్‌ఏ సంస్థలు 2ఎ గడిలో పూర్తి మొత్తాన్నే వేసి, పక్కన ‘పన్ను విధించదగిన మొత్తం నిర్ణయించలేదు’ అన్న గడిలో టిక్ పెట్టడం మామూలే. మినహాయింపు పొందకుండా జమచేసిన సొమ్ము లెక్క సంస్థ దగ్గర ఉండదు, మరణించినవారి పాత ఫారమ్ 8606లలో ఉంటుంది. వాటిలో చివరిదాన్ని వెతికి పట్టుకుంటే మిగిలిన బేసిస్, అంటే ఇప్పటికే పన్ను కట్టిన భాగం, తెలుస్తుంది. ఆ బేసిస్ ట్రస్ట్‌కు సంక్రమిస్తుంది కాబట్టి ట్రస్ట్ తరఫున కొత్త 8606 నింపి దామాషా ప్రకారం పన్ను లేని భాగాన్ని తీసివేయాలి. పాత రిటర్నులను పారేయవద్దని పెద్దలకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

సమస్య: సొమ్మంతా లబ్ధిదారుదే అనుకున్నాం, కానీ ట్రస్ట్ మీద 37 శాతం పన్ను పడింది.

అన్నింటికన్నా ఖరీదైన సమస్య ఇదే కాబట్టి కొంత వివరంగా చూడాలి. 2025 సంవత్సరానికి ట్రస్ట్ పన్ను శ్లాబులు 3,150 డాలర్ల వరకు 10 శాతం, 11,450 వరకు 24, 15,650 వరకు 35, అంతకు మించితే 37 శాతం. అదే 37 శాతం రేటు ఒంటరి వ్యక్తికి 6,26,350 డాలర్లు దాటాకే మొదలవుతుంది. అందువల్ల ఆదాయం ట్రస్ట్‌లో చిక్కుకుపోయిందా, లబ్ధిదారుకు చేరిందా అన్నదే పన్ను భారాన్ని నిర్ణయిస్తుంది.

కారణం సాధారణంగా ‘ఆదాయం’ అన్న మాటకు ఉన్న రెండు అర్థాలలో దొరుకుతుంది. పన్ను చట్టం దృష్టిలో ఐఆర్‌ఏ పంపిణీ మొత్తం ఆదాయమే, అది డీఎన్‌ఐ అనబడే పంపిణీయోగ్య నికర ఆదాయంలో చేరుతుంది. ట్రస్ట్ జమాఖర్చుల దృష్టిలో మాత్రం అందులో ఎక్కువ భాగం అసలుకే (ట్రస్ట్ మూలధనానికే) చెందవచ్చు. పలు రాష్ట్రాలు అనుసరించిన 1997 నాటి ఏకరూప అసలు-ఆదాయ చట్టం ప్రకారం, తప్పనిసరిగా తీయవలసిన పంపిణీలో 10 శాతమే ఆదాయం, మిగిలిన 90 శాతం అసలు. దస్తావేజులో వేరే నియమం ఉంటే దానికే పైచేయి. కొన్ని రాష్ట్రాలలో కొత్త చట్టం వచ్చింది కాబట్టి మీ రాష్ట్రంలో ఇప్పుడు ఏది అమలులో ఉందో చూసుకోవాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఆదాయమంతా ఏటా తల్లికి ఇవ్వాలని దస్తావేజు చెప్పే ఒక సాధారణ ట్రస్ట్‌కు 2025లో 60,000 డాలర్లు ఐఆర్‌ఏ నుంచి వచ్చాయనీ, అదంతా ఆ ఏడాది తప్పనిసరిగా తీయవలసినదేననీ, ఖర్చులేమీ లేవనీ అనుకుందాం. 10 శాతం నియమం ప్రకారం 6,000 మాత్రమే ఆదాయం. ట్రస్టీ ఆ 6,000 తల్లికి ఇచ్చి తక్కినది ట్రస్ట్‌లో ఉంచితే, పంపిణీ మినహాయింపు కూడా 6,000కే పరిమితమవుతుంది. మిగిలిన 54,000లో 300 డాలర్ల ప్రాథమిక మినహాయింపు పోగా 53,700 మీద ట్రస్ట్ సుమారు 17,855 డాలర్ల పన్ను కట్టాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ తప్పు ఏమీ లేదు, అది దస్తావేజునే అనుసరించింది.

అసలు నుంచి కూడా చెల్లించే అధికారం దస్తావేజు ట్రస్టీకి ఇచ్చి ఉండి, ట్రస్టీ అదే సంవత్సరంలో 60,000 మొత్తాన్నీ తల్లికి చెల్లించి ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది. మూలధనం (అసలు) పంచిన సంవత్సరంలో ఆ ట్రస్ట్‌ను సంక్లిష్ట ట్రస్ట్‌గా పరిగణిస్తారు. 1041లోని షెడ్యూల్ బిలో 9వ వరుసలో 6,000, 10వ వరుసలో 54,000 చూపితే మొత్తం 60,000 మినహాయింపుగా 18వ వరుసకు చేరుతుంది, ట్రస్ట్‌కు పన్ను ఉండదు. 10వ వరుసను ఖాళీగా వదిలేయడం వల్లనే నిజంగా చెల్లించిన సొమ్ము మీద కూడా ట్రస్ట్ పన్ను కట్టిన సందర్భాలు ఉంటాయి. కాబట్టి ఇటువంటి ఫలితం వచ్చినప్పుడు ముందు ఆ వరుసనూ, ట్రస్ట్ బ్యాంకు స్టేట్‌మెంట్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి.

సంవత్సరం ముగిసిపోయినా ఒక అవకాశం మిగిలి ఉంటుంది. కొత్త సంవత్సరంలో మొదటి 65 రోజులలో, అంటే 2025కు సంబంధించి 2026 మార్చి 6లోగా చేసిన చెల్లింపును పాత సంవత్సరంలో చేసినట్లుగా ఎంచుకోవచ్చు. దీనికి 663(బి) ఎంపిక అని పేరు. రిటర్న్‌లోని ‘ఇతర సమాచారం’ భాగంలో దాని గడిలో టిక్ పెట్టాలి, రిటర్న్‌ను గడువులోగా, పొడిగింపు తీసుకుంటే ఆ పొడిగించిన గడువులోగా దాఖలు చేయాలి. అధికారం లేకుండా అసలు పంచడం మాత్రం పన్ను ఆదా కోసమైనా చేయకూడదు, అది మిగతా లబ్ధిదారుల పట్ల విశ్వాస ఉల్లంఘన అవుతుంది. పిల్లలకు వేర్వేరు వాటాలు రాసి ఉన్న ట్రస్ట్‌లలో డీఎన్‌ఐని కూడా వాటాలవారీగా విడదీయాలి. ఒకరికి చెల్లించినంత మాత్రాన రెండవవారి వాటాలోని ఆదాయం కూడా మొదటివారి కె-1లోకి (లబ్ధిదారు వాటా ఆదాయాన్ని తెలిపే పత్రం) పోదు.

సమస్య: 1099-ఆర్‌లో మినహాయించిన పన్నును లబ్ధిదారు తన 1040లో చూపితే ఐఆర్‌ఎస్ ఒప్పుకోలేదు.

ఆదాయం కె-1 ద్వారా లబ్ధిదారుకు వెళ్తుంది కాబట్టి 4వ గడిలో కోత పడిన పన్ను కూడా వెంట వెళ్తుందని అనుకుంటారు. బ్యాకప్ విత్‌హోల్డింగ్ (సరైన పన్ను గుర్తింపు నంబరు ఇవ్వకపోవడం వంటి సందర్భాలలో పడే కోత) తప్ప మరే కోతనూ లబ్ధిదారుకు బదిలీ చేసే వీలు లేదు. ఆ సొమ్మును ట్రస్టే షెడ్యూల్ జి రెండవ భాగంలో చూపి వాపసు పొందాలి. దీనిలో మరో చిక్కు దాగి ఉంది. సంక్లిష్ట ట్రస్ట్‌కు 60,000లో 6,000 కోత పోయి 54,000 చేతికి వచ్చి, ట్రస్టీ ఆ 54,000 పంచితే, మిగిలిన 6,000 ట్రస్ట్ ఆదాయంగానే నిలుస్తుంది. 2025 శ్లాబుల ప్రకారం, 100 డాలర్ల ప్రాథమిక మినహాయింపు పోగా దాని మీద 975 డాలర్ల పన్ను పడి, 5,025 వాపసు వస్తుంది. తరువాతి పంపిణీకి ముందే కోత శాతాన్ని తెలిపే ఫారమ్ డబ్ల్యూ-4ఆర్ ద్వారా ఐఆర్‌ఏ కోతను సున్నా చేయించుకుంటే ఈ ప్రయాస తప్పుతుంది. ట్రస్ట్ స్వయంగా కట్టిన అంచనా పన్నును మాత్రం ఫారమ్ 1041-టి ద్వారా లబ్ధిదారుకు కేటాయించవచ్చు, దానికీ 65 రోజుల గడువే.

సమస్య: ఫారమ్ 8960లో (నికర పెట్టుబడి ఆదాయంపై పన్ను లెక్కించే ఫారమ్) ఐఆర్‌ఏ సొమ్ము మీద 3.8 శాతం అదనపు పన్ను లెక్కకు వచ్చింది.

8వ వరుసలోని ‘ఇతర ఆదాయం’ అంతా పెట్టుబడి ఆదాయమేనని కొన్ని సాఫ్ట్‌వేర్లు భావించడమే దీనికి కారణం. అర్హత గల ప్లాన్లు, ఐఆర్‌ఏల పంపిణీలను నికర పెట్టుబడి ఆదాయం నుంచి చట్టమే మినహాయించింది. ఉదాహరణకు 54,000 ఐఆర్‌ఏ సొమ్ముతో పాటు 2,000 డివిడెండ్లు ట్రస్ట్‌లో నిలిచిపోతే, ఈ పన్ను 2,000 మీద 76 డాలర్లే రావాలి. గుర్తించకపోతే అది 1,500 డాలర్లు దాటుతుంది. ఐఆర్‌ఏ ఆదాయం ట్రస్ట్‌ను ఈ పన్ను మొదలయ్యే పరిమితిని (2025కు 15,650 డాలర్లు) దాటించగలదు, కానీ తాను మాత్రం ఈ పన్నుకు లోబడదు. లబ్ధిదారుకు వెళ్ళిన భాగానికి కూడా ఇదే సవరణ కె-1లోని 14వ గడిలో హెచ్ సంకేతంతో కనబడాలి.

సమస్య: కె-1 అందుకున్న లబ్ధిదారు దానిని పెన్షన్ వరుసలో వేశారు.

ఈ ఆదాయం కె-1లో 5వ గడిలో వస్తుంది. లబ్ధిదారు దానిని తన 1040కి జతచేసే షెడ్యూల్ ఇ మూడవ భాగంలో చూపాలి. తన చేతిలో 1099-ఆర్ లేదు కాబట్టి 1040లోని ఐఆర్‌ఏ, పెన్షన్ వరుసలలో వేయకూడదు.

సమస్య: లబ్ధిదారు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నారు.

అమెరికా పౌరసత్వం, గ్రీన్ కార్డు లేకుండా భారతదేశంలో నివసించే లబ్ధిదారుకు ట్రస్ట్ నుంచి వెళ్ళే ఇటువంటి ఆదాయంపై సాధారణంగా 30 శాతం పన్నును ట్రస్టీయే పట్టుకుని కట్టాలి. కె-1 ఇచ్చి ఊరుకుంటే ఆ బాధ్యత ట్రస్టీ మెడకే చుట్టుకుంటుంది. లబ్ధిదారు నుంచి డబ్ల్యూ-8బెన్ (విదేశీయుడినని తెలిపే ధ్రువీకరణ పత్రం) తీసుకుని, ఆ కోత వివరాలు తెలిపే ఫారమ్ 1042, 1042-ఎస్ దాఖలు చేయాలి. పన్ను ఒప్పందం కింద తగ్గింపు కోరేముందు రెండు దేశాల చట్టాలూ తెలిసినవారిని సంప్రదించాలి.

రిటర్న్ పంపిన తరువాత తప్పు బయటపడితే

ఫారమ్ 1041కు, వ్యక్తుల రిటర్న్‌ను సవరించే 1040-ఎక్స్ వంటి ప్రత్యేక సవరణ పత్రం లేదు. అదే ఫారమ్‌ను మళ్ళీ నింపి, సవరించిన రిటర్న్ అన్న గడిలో టిక్ పెట్టి, మార్పులకు కారణాలు జతచేసి పంపాలి. కె-1 మారితే సవరించిన ప్రతిని లబ్ధిదారులకు ఇవ్వాలి, వారు తమ 1040ను సవరించుకోవలసి వస్తుంది. చెల్లింపులను 10వ వరుసలో వేయడం మరచిపోవడం వంటివి ఇలా సరిదిద్దుకోవచ్చు. 65 రోజుల ఎంపికకు మాత్రం గడువు దాటిపోతే ఈ దారి పనికిరాదు. అందుకే రిటర్న్‌ను ఏప్రిల్ 15కే పూర్తిచేయలేని ట్రస్టీ గడువు పొడిగింపు కోరే ఫారమ్ 7004 పెట్టి సెప్టెంబరు 30 వరకు గడువు తీసుకోవడం మేలు. చెల్లింపులు మాత్రం ఆ పొడిగింపు కోసం ఆగకుండా 65 రోజులలోపే ట్రస్ట్ ఖాతా నుంచి వెళ్ళిపోయి ఉండాలి.