గైడ్‌తో మాట్లాడాక పది నిమిషాల పని

పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లకు ఒక చిన్న అలవాటు చెబుతాను. గైడ్‌తో మాట్లాడి వచ్చిన రోజే ఐదారు లైన్ల మెయిల్ పెట్టండి. "సార్, ఈరోజు అనుకున్నవి ఇవి: కంట్రోల్ శాంపిల్స్ మళ్లీ చేయాలి, శుక్రవారానికల్లా గ్రాఫులు పంపుతాను, మొదటి చాప్టర్ డ్రాఫ్ట్ మీరు చూస్తానన్నారు. నేనేమైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి." అంతే.

మొదటి ఏడాది నేనిది చేయలేదు. ఆయన ఒకటి అనుకున్నారు, నేను ఇంకొకటి చేసుకొచ్చాను, మూడు వారాల పని వృథా అయింది. ఆయన్నీ అనలేం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారమే ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది దాకా పీహెచ్‌డీ స్కాలర్లు ఉండొచ్చు. అందరి ప్రయోగాలూ గుర్తుండాలంటే ఎలా?

ఈ మెయిళ్లు ఇంకోచోట కూడా పనికొస్తాయి. ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్ చేసి, చిన్న రిపోర్ట్ ఇవ్వాలి కదా. ఇవన్నీ వరసగా పెట్టుకుంటే సగం రిపోర్ట్ తయారైనట్టే. పేపర్‌లో ఎవరి పేరు ముందు అన్నది కూడా పని మొదలయ్యేటప్పుడే అడిగేసి, ఆ మాట మెయిల్‌లో ఉంచండి. మొహమాటపడి ఆఖర్న అడిగితే గొడవే.

ఫిర్యాదులు మాత్రం ఇందులో రాయకండి. వాటికి విడిగా టైమ్ అడిగి, ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి.

గైడ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: "సరే" అని ఒక్క ముక్క జవాబిచ్చినా చాలు, ఆ స్కాలర్ ఆ రాత్రి టెన్షన్ లేకుండా నిద్రపోతారు.