స్ట్రోలర్ కొనే ముందు ఇవి చూసుకోండి

- ముందు బిడ్డ వయసు. మెడ నిలవని పసిబిడ్డకు సీటు పూర్తిగా చదునుగా వాలాలి. తేలిగ్గా ఉందని కూర్చోబెట్టే రకం కొంటే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరి అందకపోవచ్చు. సుమారు 6 నెలల దాకా ఆ రకం వద్దు.

- బెల్టు 5 చోట్ల పట్టాలి: భుజాలు, నడుముకు రెండు పక్కలా, కాళ్ల మధ్య. కాళ్ల మధ్య పట్టీ లేకుంటే బిడ్డ కిందికి జారుతుంది.

- మడిచిన కొలతను కారు డిక్కీతో సరిచూడండి. చక్రాలు ఊడదీస్తే తప్ప పట్టనివీ ఉంటాయి.

- బ్రేకు వేసి షాపులోనే తోసి చూడండి.

- కింద బుట్ట పెద్దదై ఉండాలి. హ్యాండిల్‌కు సంచులు తగిలిస్తే, బిడ్డను ఎత్తుకోగానే బండి వెనక్కి పడిపోవచ్చు.

- గతుకుల దారైతే పెద్ద చక్రాలు. కప్పు హోల్డరు ఉందా లేదా అన్నది ఆఖరున చూసుకోవచ్చు.