ఇంగ్లిష్ స్కోరు చాలనప్పుడు అమెరికాలో ఎంబీఏ, ఎంఎస్: భాషా కోర్సు మీదుగా వెళ్లే దారి

అమెరికాలోని బిజినెస్ స్కూల్ నుంచి కండిషనల్ (షరతుతో కూడిన) అడ్మిషన్ మెయిల్ రాగానే ఇంట్లో సీటు వచ్చేసినట్టే మాట్లాడుకుంటారు. నిజానికి వచ్చింది సగం సీటు. మిగతా సగం ఇంగ్లిష్ మీద నిలబడి ఉంది. ఆ సగం పూర్తవడానికి ఎన్ని నెలలు పడుతుంది, ఎన్ని డాలర్లు అవుతాయి, ఆ నెలల్లో మీ ఐ-20 (విద్యార్థి వీసా కోసం స్కూలు ఇచ్చే పత్రం) ఏ కోర్సు పేరు మీద ఉంటుంది? డిపాజిట్ కట్టకముందే ఈ మూడూ తేల్చుకోండి. తర్వాత తెలిస్తే మార్చుకోవడానికి దారులు తక్కువ.

ముందు ఏ రకం కోర్సో తెలుసుకోండి

ఒకే రకం ఉత్తరం వెనక మూడు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి.

ఒకటి, ఇంటెన్సివ్ ఇంగ్లిష్ ప్రోగ్రాం. కేవలం భాష నేర్పుతారు. తరగతి బోధనే ప్రధానమైతే ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న విద్యార్థి వారానికి కనీసం 18 గంటలు కూర్చోవాలి. మామూలుగా డిగ్రీ క్రెడిట్లు రావు. ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టి ఏదో ఒక లెవల్లో వేస్తారు, అక్కడి నుంచి ఒక్కో లెవల్ ఎక్కాలి.

రెండోది గ్రాడ్యుయేట్ పాత్‌వే. ఇంగ్లిష్ తరగతులతో పాటు అసలు డిగ్రీలోని రెండు మూడు సబ్జెక్టులు కూడా చదివిస్తారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు ఉంటుంది. ఇంటో (INTO), షోర్‌లైట్ వంటి ప్రైవేటు సంస్థలు విశ్వవిద్యాలయాలతో కలిసి ఇలాంటివి నడుపుతుంటాయి.

మూడోది పూర్తి అడ్మిషన్ ఇచ్చి, పక్కన భాషా సాయం పెట్టడం. ఉదాహరణకు ఇలినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్‌లో స్కోరు కొంత తగ్గినవాళ్లకు అక్కడికి వెళ్లాక ఇంగ్లిష్ ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతారు, అవసరమైతే డిగ్రీతో పాటే ఇంగ్లిష్ కోర్సు చేయిస్తారు. ఈ మూడింటిలో ఇదే మేలు. ఐ-20 మొదటి రోజు నుంచీ మాస్టర్స్ మీదే ఉంటుంది. ఇలాంటి అవకాశం ఒక్కటున్నా, ర్యాంకు కొంచెం కిందున్నా సరే, దాన్నే ముందు చూడండి.

మూడేళ్ల బీకాం, బీబీఏ చేసినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కొన్ని అమెరికన్ గ్రాడ్యుయేట్ స్కూళ్లు పదహారేళ్ల చదువు అడుగుతాయి. అలాంటి చోట అడ్డం పడేది ఇంగ్లిష్ కాదు, డిగ్రీ కాలం. భాషా కోర్సు చేస్తే ఆ లోటు తీరదు. మీకు పెట్టిన షరతు దేని గురించో మెయిల్లో ఒక్కో పదం చదివి చూసుకోండి.

ఐ-20 మొదటి పేజీ

షరతుతో కూడిన అడ్మిషన్ మీద నేరుగా మాస్టర్స్ ఐ-20 ఇవ్వకూడదని అమెరికా విద్యార్థి వీసాల విభాగం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే భాషా షరతు తీరనంత వరకు మీకు వచ్చే ఐ-20 భాషా శిక్షణ మీద గానీ పాత్‌వే మీద గానీ ఉంటుంది. మొదటి పేజీలో చదువు స్థాయి అన్న చోట "లాంగ్వేజ్ ట్రైనింగ్" అని ఉందా, "మాస్టర్స్" అని ఉందా చూడండి. ఆ కిందనే ఇంగ్లిష్ ప్రావీణ్యం గురించి ఒక వరుస ఉంటుంది. అందులో రాసింది మీ అసలు పరిస్థితితో సరిపోవాలి.

ఈ తేడాకి ఎందుకింత ప్రాధాన్యమంటే, భాషా శిక్షణ ఐ-20 మీద ఉన్నవాళ్లకు సీపీటీ (చదువు మధ్యలో చేసే పని శిక్షణ), ఓపీటీ (చదువు తర్వాత చేసే పని శిక్షణ) వర్తించవు. ఆన్‌లైన్ తరగతులు కూడా ఫుల్ టైం లెక్కలోకి రావు. డిగ్రీ విద్యార్థులకు ఒక ఆన్‌లైన్ కోర్సు వరకు వెసులుబాటు ఉంది, భాషా విద్యార్థికి అదీ లేదు. ఆ ప్రోగ్రాంకు గుర్తింపు ఉండి తీరాలి. విశ్వవిద్యాలయం సొంతంగా నడిపేదైతే దాని గుర్తింపే చాలు, విడిగా నడిచే భాషా స్కూలైతే సీఈఏ, ఏసీసీఈటీ వంటి సంస్థల గుర్తింపు అడగండి. "స్టడీ ఇన్ ద స్టేట్స్" ప్రభుత్వ సైట్‌లో స్కూలు పేరు వెతికితే ఎఫ్‌-1 విద్యార్థులను తీసుకునే అనుమతి ఉందో లేదో తెలుస్తుంది.

మాస్టర్స్ ఐ-20 వచ్చాక మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పక్కన ఉండే ఆరంకెల కోడ్ చూడండి. జనరల్ ఎంబీఏకి ఎక్కువగా వాడే 52.0201 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల ప్రభుత్వ జాబితాలో లేదు. బిజినెస్ అనలిటిక్స్ 30.7102, మేనేజ్‌మెంట్ సైన్స్ 52.1301 ఉన్నాయి. చదువు తర్వాత ఓపీటీ ఒక్క ఏడాదా, దానికి మరో 24 నెలలు కలుస్తాయా అన్నది ఈ కోడ్‌తోనే మొదలవుతుంది. కోర్సు పేరులో "అనలిటిక్స్" ఉన్నంత మాత్రాన కోడ్ స్టెమ్ అవ్వదు. ఇది ఇంగ్లిష్ సంగతి కాకపోయినా, పాత్‌వేలో ఎంబీఏ, ఎంఎస్ రెండూ చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంటారు కాబట్టి ఇక్కడే చెప్పాల్సి వచ్చింది.

ఇంట్లోనే చదవాలా, అక్కడికి వెళ్లి చదవాలా

మీ స్కోరుకూ స్కూలు అడిగే స్కోరుకూ మధ్య దూరం చూడండి. ఐఈఎల్‌టీఎస్‌లో అర బ్యాండ్ తక్కువైతే పాత్‌వే ఊసే వద్దు. రెండు మూడు నెలలు ఇక్కడే గట్టిగా చదివి మళ్లీ రాయండి. ఒక బ్యాండ్ తక్కువైతే ఆరు నెలలు పెట్టుకుని, అవసరమైతే ఫాల్ (ఆగస్టు) టర్మ్ వదిలి స్ప్రింగ్‌కో (జనవరి), వచ్చే ఫాల్‌కో వెళ్లండి. అంతకన్నా ఎక్కువ లోటుంటే అక్కడ చదివే భాషా కోర్సుకు అర్థం ఉంది. అద్దె, తిండి, బీమా, ట్యూషన్ డాలర్లలో కట్టే ఒక్క సెమిస్టర్ ఖర్చుతో ఇక్కడ ఎన్నిసార్లు పరీక్ష రాయొచ్చో కాగితం మీద లెక్క వేస్తే చాలామందికి జవాబు దొరుకుతుంది.

ఐఈఎల్‌టీఎస్ సగటు లెక్కలో చాలామంది పొరబడతారు. లిజనింగ్ 7, రీడింగ్ 7, స్పీకింగ్ 6, రైటింగ్ 5.5 వచ్చాయనుకుందాం. సగటు 6.375, దాన్ని 6.5గా ఇస్తారు. కానీ స్కూలు "ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు" అంటే ఈ స్కోరు పనికిరాదు. ఒక్క రైటింగే తక్కువైతే, కంప్యూటర్ మీద రాసినవాళ్లు 60 రోజుల్లోపు ఆ ఒక్క విభాగాన్నే మళ్లీ రాయొచ్చు. అయితే ఆ స్కోరును అన్ని విశ్వవిద్యాలయాలూ తీసుకోవు, ముందే అడగండి. రైటింగ్‌లో రెండో వ్యాసానికి మొదటిదానికన్నా రెట్టింపు బరువుంటుంది. మొదటి ప్రశ్నకు ఇరవై నిమిషాలు దాటితే అక్కడే బ్యాండ్ జారిపోతుంది.

టోఫెల్ 2026 జనవరి 21 నుంచి మారింది. స్కోరు ఇప్పుడు 1 నుంచి 6 వరకు ఉంటుంది, కొంతకాలం పాత 120 లెక్కలో సమానమైన స్కోరును కూడా చూపిస్తారు. పాత పుస్తకాలతో చదివితే పరీక్ష రూపమే వేరుగా ఎదురవుతుంది. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ, డ్యుయోలింగో స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి. మాస్టర్స్ ప్రవేశ పరీక్షలైన జీమ్యాట్, జీఆర్‌ఈ స్కోర్లయితే అయిదేళ్లు. కాబట్టి ముందు జీమ్యాట్, తర్వాత ఇంగ్లిష్ పరీక్ష పెట్టుకోవడం నయం.

ఇంజినీరింగ్ ఇంగ్లిష్ మీడియంలో చదివాం కదా అని కాలేజీ నుంచి మీడియం లెటర్ తెచ్చి స్కోరు మినహాయింపు పొందేవాళ్లు ఉన్నారు. నియమం ఒప్పుకుంటే తీసుకోండి. కానీ ఆ లెటర్ మిమ్మల్ని కేస్ చర్చలో (కంపెనీ సమస్య మీద క్లాసులో జరిగే చర్చలో) మాట్లాడించదు. అసిస్టెంట్‌షిప్ (విశ్వవిద్యాలయంలో పని చేస్తూ డబ్బు పొందే అవకాశం) ఆశ ఉంటే, బోధన సంబంధమైన పనులకు స్పీకింగ్ స్కోరు విడిగా అడిగే స్కూళ్లు చాలా ఉన్నాయని గుర్తుంచుకోండి.

పాత్‌వేకే వెళ్తే, ఈ జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి

కన్సల్టెన్సీ ఫోన్లో చెప్పిన మాట మీద డబ్బు కట్టవద్దు. విశ్వవిద్యాలయం అడ్రస్‌కే మెయిల్ పెట్టి అడగండి: పాత్‌వే నుంచి డిగ్రీలోకి వెళ్లడానికి ఎంత జీపీఏ, ఎంత భాషా స్కోరు కావాలి? జీమ్యాట్ మినహాయింపు అప్పటికీ ఉంటుందా, లేక మధ్యలో రాయాలా? చదివే క్రెడిట్లలో డిగ్రీలో కలిసేవి ఎన్ని? పాత్‌వేలో ఒక సబ్జెక్టు పోతే మళ్లీ రాసే వీలుందా, దానికి ఫీజెంత? వీసా రాకపోతే డిపాజిట్‌లో ఎంత తిరిగి ఇస్తారు?

క్రెడిట్ల ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. 30 క్రెడిట్ల ఎంఎస్‌లో 9 కలిస్తే పాత్‌వేలో పెట్టిన కాలం కొంత తిరిగొస్తుంది. ఒక్కటీ కలవకపోతే మొత్తం చదువు రెండున్నరేళ్లకు చేరవచ్చు. బ్యాంకు లోన్ తీసుకునేటప్పుడు డిగ్రీ కాలాన్నే కాక భాషా కాలాన్ని కూడా కలిపి అడగండి. ముందు చెప్పకుండా మధ్యలో అదనపు సెమిస్టర్ కోసం వెళ్తే కాగితాలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

వీసా ఇంటర్వ్యూలో భాషా శిక్షణ ఐ-20 పట్టుకుని నేరుగా "ఎంబీఏకి వెళ్తున్నాను" అంటే కాగితానికీ మాటకీ పొత్తు కుదరదు. ఫలానా ప్రోగ్రాంలో ఇన్ని నెలలు ఇంగ్లిష్, ఆ తర్వాత ఫలానా డిగ్రీ, దానికి ఈ స్కోరు కావాలి, డబ్బు ఇలా వస్తుంది అని నాలుగు వాక్యాల్లో సొంత మాటల్లో చెప్పగలగాలి. బట్టీ పట్టిన జవాబు మొదటి ఎదురు ప్రశ్నకే తడబడుతుంది.

బిజినెస్ క్లాసుకి కావాల్సిన ఇంగ్లిష్

పరీక్ష ఇంగ్లిష్ వేరు, క్లాసు ఇంగ్లిష్ వేరు. ఎంబీఏ క్లాసుల్లో మాట్లాడినదానికే మార్కులుంటాయి. కొన్ని కోర్సుల్లో ఆ వాటా పెద్దదే. దీనికి మంచి సాధన సామగ్రి ఉచితంగా దొరుకుతుంది. ఇన్ఫోసిస్, డాక్టర్ రెడ్డీస్ వంటి లిస్టెడ్ కంపెనీలు మూడు నెలలకోసారి ఇన్వెస్టర్లతో జరిపే కాల్ ఆడియో, రాతప్రతి రెండూ తమ సైట్లలో పెడతాయి. పది నిమిషాల ప్రశ్నోత్తరాల ముక్క తీసుకోండి. మొదట చూడకుండా వినండి, తర్వాత రాతప్రతి పెట్టుకుని వినండి, మూడోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి అదే వేగంతో పైకి చెప్పండి. చివర అంతా మూసేసి, ఆ విశ్లేషకుడు ఏం అడిగాడో, కంపెనీ ఏం చెప్పి ఏం దాటేసిందో తొంభై సెకన్లు మాట్లాడి రికార్డు చేసుకోండి. రోజుకి నలభై నిమిషాలు, వారానికి అయిదు రోజులు. రికార్డింగ్ తిరిగి వినడం చాలామంది మానేస్తారు. లోపం బయటపడేది అక్కడే.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తప్పులు కొన్ని ఉన్నాయి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లిష్ మాట చివర కూడా ఉకారం తగిలిస్తాం. "ఓన్లీ"ని "వొన్లీ" అంటాం, "ఎగ్జామ్" ముందు యకారం చేరుస్తాం. వీటికన్నా అవతలివాళ్లకు అర్థం కాకుండా చేసేది ఒత్తు ఎక్కడ పడుతుందన్నది. "ఆనలైజ్"లో మొదటి అక్షరం మీద, "అనాలిసిస్"లో రెండోదాని మీద, "అనలిటికల్"లో మూడోదాని మీద పడాలి. కొత్త పదం రాసుకున్నప్పుడల్లా ఒత్తు పడే చోట గీత పెట్టుకోండి.

అంకెలు ఇంకో గండం. క్లాసులో లక్షలు, కోట్లు అంటే ఎవరికీ తెలియదు. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు, వంద కోట్లు ఒక బిలియన్. ఆలోచించకుండా నోటికి వచ్చేదాకా కంపెనీ వార్షిక నివేదికలు ముందు పెట్టుకుని మార్చి చదవండి. మాటల్లోనూ జాగ్రత్త: "ఐ హావ్ ఎ డౌట్" అంటే అమెరికన్‌కి మీరు నమ్మడం లేదని అర్థమవుతుంది, "క్వశ్చన్" అనండి. "పాస్డ్ ఔట్" అంటే స్పృహ తప్పడం, డిగ్రీ పూర్తి చేస్తే "గ్రాడ్యుయేటెడ్". తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి రాసేటప్పుడు అవి ఎగిరిపోతాయి. రాసిన పేజీని ఒకసారి కేవలం నామవాచకాల కోసమే చదివి, ప్రతిదాని ముందూ "ఎ" కావాలా, "ద" కావాలా, ఏదీ వద్దా అని చూసుకోండి.

మనం వ్యాసం మొదట నేపథ్యం చెప్పి, కారణాలు చెప్పి, చివర్లో అభిప్రాయం చెబుతాం. బిజినెస్ మెమో దీనికి తలకిందులు. మొదటి వాక్యంలోనే ఏం చేయాలో చెప్పాలి, రెండోదాంట్లో ఎంత ఖర్చు, ఎంత లాభం, తర్వాత మూడు కారణాలు, ఒక ప్రమాదం. ఒక్క పేజీ దాటకూడదు. వారానికి ఒక మెమో రాస్తే మొదటి సెమిస్టర్‌లో ఆ అలవాటే ఆదుకుంటుంది. ఇతరుల వాక్యాలు ఎత్తి రాయడం మాత్రం అస్సలు వద్దు. భాషా స్థాయిలోనే ఇది అలవాటైతే డిగ్రీలో క్రమశిక్షణ చర్య దాకా వెళ్తుంది.

భాషా కోర్సు నుంచి డిగ్రీకి మారే రోజుల్లో

లెవల్ తప్పితే ఐ-20 గడువు పొడిగించడం తేలిక కాదు. అకడమిక్ ప్రొబేషన్ (మార్కులు తగ్గినందుకు పెట్టే హెచ్చరిక కాలం) వల్ల ఆలస్యమైందంటే దాన్ని కారణంగా ఒప్పుకోరు. వెనకబడుతున్నట్టు అనిపించిన వారంలోనే డీఎస్‌ఓని (స్కూల్లో విదేశీ విద్యార్థుల ఐ-20 వ్యవహారాలు చూసే అధికారిని) కలవండి, గడువు చివర కాదు. భాషా కోర్సు పూర్తయ్యాక అదే విశ్వవిద్యాలయంలో అయితే చదువు స్థాయి మార్చి కొత్త ఐ-20 ఇస్తారు, వేరే చోటికి వెళ్తే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు బదిలీ చేయించుకోవాలి. రెండిట్లోనూ తర్వాతి చదువు అయిదు నెలల్లోపే, లేదా మీరు చేరగలిగే తర్వాతి టర్మ్‌లోనే, ఏది ముందైతే దాంట్లో మొదలవ్వాలి. మే నెలలో ముగించి ఆగస్టులో చేరితే ఇబ్బంది లేదు. మేలో ముగించి జనవరిలో చేరతానంటే కుదరదు. మధ్యలో ఇంటికి రావాలనుకుంటే కొత్త ఐ-20 చేతికి వచ్చి, దాని మీద ప్రయాణ సంతకం పడ్డాకే టికెట్ కొనండి. భాషా కోర్సు నాటి ఐ-20తో సహా పాతవన్నీ ఒక ఫైల్లో దాచండి. ఓపీటీకి దరఖాస్తు చేసే రోజున అవి మళ్లీ అవసరం పడొచ్చు.