ఉబ్బసం రిపోర్టులు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఇసినోఫిల్స్

పోయిన పాఠంలో సీబీసీ (రక్తకణాల మొత్తం లెక్క) రిపోర్టులో డిఫరెన్షియల్ కౌంట్, అంటే తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే భాగం, ఎక్కడుంటుందో చూశాం. ఈసారి అందులో ఒక్క వరుసే తీసుకుందాం. ఉబ్బసం తిరగబెట్టి మళ్లీ ఆస్పత్రిలో చేరే ముప్పు ఎంతుందో అంచనా వేయడానికి, సులువుగా దొరికే రక్త పరీక్షల్లో ముందు చూడాల్సింది ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలనే.

మొదట లెక్క. శాతం ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. మొత్తం తెల్లకణాలను ఆ శాతంతో గుణించి 100తో భాగించాలి. తెల్లకణాలు 9,000, ఇసినోఫిల్స్ 4 శాతం అయితే మైక్రోలీటర్‌కు 360. అదే 4 శాతం, తెల్లకణాలు 5,000 ఉన్నవారిలో 200 మాత్రమే. ల్యాబులు దీన్ని అబ్సల్యూట్ ఇసినోఫిల్ కౌంట్ అంటాయి. కొన్ని రిపోర్టుల్లో 0.36 అని ఉంటుంది, 1,000తో గుణిస్తే మళ్లీ 360 వస్తుంది.

ఉబ్బసం ఉన్నవారిలో డాక్టర్లు ఎక్కువగా చూసే గీతలు 150, 300. ఆయాసం లేని రోజుల్లో కూడా 300 దాటి ఉంటే, శ్వాసనాళాల్లో వాపు చల్లారలేదని అనుమానించాలి. అలాంటివారికి దాడులు వచ్చే ముప్పు ఎక్కువ. 1,500 దాటితే ఉబ్బసం ఒక్కటే కాకుండా వేరే జబ్బు కూడా ఉందేమోనని డాక్టరు వెతకాల్సి ఉంటుంది. నులిపురుగులు, కొన్ని మందులు కూడా ఈ అంకెను పెంచుతాయి.

ఇక అసలు విషయం. రక్తం ఎప్పుడు తీశారు?

ఒక ఉదాహరణ చూడండి. ఆస్పత్రికి వచ్చినప్పుడు, మందు ఇంకా ఇవ్వకముందు కౌంట్ 520. మూడో రోజు 20. కాగితం చూసిన ఇంట్లోవాళ్లు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. కానీ ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ పడగానే ఇసినోఫిల్స్ కొన్ని గంటల్లోనే రక్తంలో పడిపోతాయి. ఆ 20 అనే అంకె మందు పనిచేస్తోందని చెబుతుంది, అంతే. పెద్దవాళ్లకు ఆ కోర్సు మామూలుగా 5 నుంచి 7 రోజులే. అది అయిపోయాక రోజూ పీల్చాల్సిన ఇన్‌హేలర్ కూడా మానేస్తే కౌంట్ మళ్లీ పైకి వస్తుంది, దాంతోపాటు ఆయాసమూ రావచ్చు. ముప్పు అంచనాకు నమ్మాల్సింది 520నే. డిశ్చార్జ్ కాగితంలో చిన్న అంకె చూసి ధైర్యపడటమే నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే పొరపాటు.

అదే స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ను (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే మరో రకం తెల్లకణాలను) పెంచుతుంది. కాబట్టి ఆ రోజుల్లో అవి ఎక్కువున్నాయని వెంటనే ఇన్‌ఫెక్షన్ అని టెన్షన్ పడొద్దు. జ్వరం, కఫం, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష) కలిపి డాక్టరు తేలుస్తారు. ఇసినోఫిల్స్ రోజులో కూడా మారతాయి, రాత్రిపూట ఎక్కువ, పొద్దున తక్కువ. అందుకే ప్రతి అంకె పక్కనా తేదీ, సమయం, స్టెరాయిడ్ ముందా తర్వాతా అని రాసుకోండి. పరీక్ష సరిగ్గా రావాలని మాత్రం స్టెరాయిడ్ ఎప్పుడూ మీ అంతట మీరు ఆపకండి.

అంకె తక్కువగా ఉన్నా ముప్పు ఉండొచ్చు. గత 12 నెలల్లో తీవ్రమైన దాడి వచ్చిందా, ఎప్పుడైనా ఐసీయూలో ఉన్నారా, ఏడాదిలో 200 పఫ్‌ల రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే ఇన్‌హేలర్) డబ్బాలు 3 లేదా అంతకన్నా ఎక్కువ వాడారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా, కౌంట్ ఎంతున్నా జాగ్రత్త పడాల్సిందే.

ఇప్పుడు అభ్యాసం. ఆరు నెలల క్రితం, మందులేమీ వాడని రోజుల్లో తెల్లకణాలు 7,500, ఇసినోఫిల్స్ 6 శాతం. నిన్న డిశ్చార్జ్ అయ్యేటప్పుడు, స్టెరాయిడ్ నాలుగో రోజున, తెల్లకణాలు 14,000, ఇసినోఫిల్స్ 0.2 శాతం. రెండు కౌంట్లూ కట్టండి, ఏది నమ్మాలో చెప్పండి.

జవాబు: 450, 28. నమ్మాల్సింది 450. ఈ మనిషి 2 నుంచి 7 రోజుల్లోపే మళ్లీ డాక్టరును కలవాలి, పాత రిపోర్టు కూడా చేతిలో పట్టుకెళ్లాలి.