అమెరికాలో వికలాంగుల పార్కింగ్: కొత్తగా వచ్చినవారికి సూచనలు

నీలి రంగులో చక్రాల కుర్చీ గుర్తు వేసిన పార్కింగ్ స్థలం దుకాణం తలుపుకు దగ్గరగా, చాలాసార్లు ఖాళీగా ఉంటుంది కనుక, రెండు నిమిషాల పనే కదా అని అక్కడ కారు నిలపాలనిపిస్తుంది. నిలపకండి. అవసరమున్న మనిషి ఏ వేళ వచ్చినా చోటు దొరకాలన్నదే 1990 నాటి వికలాంగుల చట్టం ఉద్దేశం; అందుకే పాతిక కార్లు మించి పట్టని పార్కింగ్‌లో కూడా అలాంటి స్థలం కనీసం ఒకటి ఉండాలన్న నియమం వచ్చింది. కాలిఫోర్నియాలో ఈ తప్పుకు జరిమానా 250 డాలర్లతో మొదలవుతుంది.

డాక్టరు ధ్రువీకరించిన దరఖాస్తుపై రాష్ట్ర వాహన శాఖ అక్కడ కారు ఆపే హక్కునిస్తూ, అద్దానికి తగిలించుకునే కార్డు ఇస్తుంది. ఆ హక్కు మనిషిదే గాని కారుది కాదు, కుటుంబానిది అంతకన్నా కాదు. మీ అత్తగారి పేరున కార్డు ఉంటే, ఆమెను ఎక్కించుకున్న కారు మీదైనా పొరుగువారిదైనా అక్కడ ఆపవచ్చు. ఆమెను ఇంట్లో ఉంచి ఆమె మందుల కోసమే మీరొక్కరే వెళ్లినా ఆ కార్డును వాడకూడదు. వయసు పైబడిందన్న ఒక్క కారణంతో కార్డు రాదు. శస్త్రచికిత్స జరిగినా, కాలు విరిగినా తాత్కాలిక కార్డు ఇస్తారు; దాని గడువు సాధారణంగా ఆరు నెలలు మించదు.

కారు దిగి చక్కగా నడిచిపోతున్నవారిని చూసి, వీరికేం లోపమని అనుమానించడం అన్యాయమని నా దృఢాభిప్రాయం. ఆగి అలుపు తీర్చుకోకుండా 200 అడుగులు నడవలేనివారు, తీవ్రమైన గుండె జబ్బు లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు కూడా అర్హులే, వారి బాధ పైకి కనిపించదు. అర్హత తేల్చవలసింది డాక్టరు, మనం కాదు.

ఇక ఆ స్థలం పక్కన ఏటవాలు చారలు గీసిన ఖాళీ జాగాను, ఎవరూ కారు పెట్టని చోటే కదా అని, కార్డు ఉన్నవారు సైతం ఆక్రమిస్తుంటారు. అది కనీసం ఐదు అడుగుల వెడల్పున వదిలిన దారి. వ్యాన్ పక్క తలుపు తెరుచుకుని, వాలు పలక నేలకు దిగి, దాని మీదుగా చక్రాల కుర్చీ కిందికి రావలసింది అక్కడికే. దుకాణంలో పని ముగించుకుని వచ్చిన మనిషికి ఆ చారలపై మీ కారు ఎదురైతే, తన వ్యాన్ కళ్లెదుటే ఉన్నా ఎక్కే మార్గం ఉండదు; మీరు తిరిగి వచ్చేదాకా ఎండైనా మంచైనా బయట కాచుకుని ఉండవలసిందే. మోటారు సైకిలును, షాపింగ్ బండిని కూడా అక్కడ వదలకండి.