యాంటీబాడీ రిపోర్టు చదవడం – 4వ పాఠం: రక్తం ఎప్పుడు తీశారు?

పోయిన పాఠంలో ఇచ్చిన కేసు దగ్గర చాలామంది తడబడ్డారు, కాబట్టి ముందు దాని సంగతి తేల్చుకుందాం. 52 ఏళ్ల మహిళ, పాత మైగ్రేన్, ఎంఆర్‌ఐలో చిన్న తెల్ల మచ్చలు. ఫిక్స్‌డ్ సెల్ బేస్డ్ పరీక్షలో (రసాయనంతో స్థిరపరిచిన కణాలపై చేసేది) ఎంఓజీ ఐజీజీ (నరాల పొరలోని ఎంఓజీ ప్రొటీన్‌పై వచ్చే యాంటీబాడీ) టైటర్ 1:10, అంటే సీరాన్ని పదింతలు పలచన చేసినా పాజిటివ్. ఎక్కువమంది ‘మోగాడ్’ (ఆ యాంటీబాడీతో వచ్చే జబ్బు) అని రాసేశారు. కాదు. మోగాడ్ నిర్ధారణకు 2023లో వచ్చిన ప్రమాణాల్లో మొదటి మెట్టు రిపోర్టు కాదు, జబ్బు దాడి: కంటి నరం వాపు, వెన్నుపాము వాపు, ఏడెమ్ (మెదడులో చాలాచోట్ల ఒకేసారి వచ్చే వాపు) లాంటిది ఒకటి జరిగి ఉండాలి. ఈమెకు అవేవీ లేవు; అసలు ఈ పరీక్షే రాయక్కర్లేదు.

దాడి జరిగినవాళ్లలో అంకె చూడండి. ఫిక్స్‌డ్ పరీక్షలో 1:100, ఆపైన ఉంటే స్పష్టమైన పాజిటివ్. 1:10 నుంచి 1:100 లోపు తక్కువ పాజిటివ్. అప్పుడు ఏక్యూపీ4 యాంటీబాడీ (ఇలాంటి దాడులే తెచ్చే మరో జబ్బు గుర్తు) నెగటివ్‌గా ఉండాలి, పైగా రెండు కళ్లకూ ఒకేసారి రావడం, కంటి నరం పొడవులో సగానికి మించి వాచడం వంటి ఆనవాలు ఒక్కటైనా కావాలి. టైటర్ వేయని రిపోర్టునూ తక్కువ పాజిటివ్‌గానే లెక్కించండి. టైటర్ ఇవ్వని ల్యాబుకు నేనైతే నమూనా పంపను.

సీరం వేరుచేయడం, 2–8 డిగ్రీల్లో పంపడం మీకు తెలిసినవే. అసలు దెబ్బ తగిలేది సమయం దగ్గర. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి, చికిత్సగా నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) ఎక్కించాక తీసిన రక్తాన్ని నమ్మకండి. ఆ సీసాలో ఉన్నది వేలమంది దాతల ఐజీజీ. వాళ్ల గ్యాడ్65 (గ్యాడ్ అనే ఎంజైమ్‌పై వచ్చేవి), థైరాయిడ్ యాంటీబాడీలు రోగి రిపోర్టులో పాజిటివ్‌గా తేలతాయి. ఎక్కించిన ఐజీజీ సగం తగ్గడానికే దాదాపు 3 వారాలు పడుతుంది, అందుకే వారం ఆగి మళ్లీ తీసినా లాభం లేదు. ప్లాస్మా మార్పిడిలో (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి వేరేది ఎక్కించడం) ఇది తిరగబడుతుంది. ఒక్క విడతకే రక్తంలోని ఐజీజీ సగానికి పైగా పోతుంది, టైటర్ తక్కువున్నవాళ్లు నెగటివ్‌గా కనిపిస్తారు. అలాగని రిపోర్టు కోసం చికిత్స ఆపొద్దు. ఐవీఐజీ రాసిన చేత్తోనే 5 మి.లీ. ప్లెయిన్ ట్యూబు తీయించి, సీరాన్ని రెండు వయల్స్‌లో మైనస్ 20లో పెట్టించండి. ఏ ప్యానెల్ (ఏయే యాంటీబాడీల పరీక్ష) అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

ఎన్‌ఎండీఏఆర్ (మెదడువాపు తెచ్చే ఒక యాంటీబాడీ) అనుమానముంటే సీఎస్‌ఎఫ్ (వెన్ను నుంచి తీసే ద్రవం) కూడా పంపాలి, రక్తం ఒక్కటే చూస్తే కొందరు తప్పిపోతారు. ఎల్‌జీఐ1 (మెదడువాపు తెచ్చే మరో యాంటీబాడీ), ఏక్యూపీ4లకు రక్తమే మేలు.

అభ్యాసం: టైప్ 1 మధుమేహం 20 ఏళ్లుగా ఉన్న 45 ఏళ్ల వ్యక్తి, పాదాల్లో తిమ్మిరి. ఐవీఐజీ మూడో రోజున తీసిన రక్తంలో ఎలీసా పరీక్షలో గ్యాడ్65 యాంటీబాడీ 180 యూనిట్లు. స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్‌లో (కండరాలు బిగుసుకుపోయే జబ్బు) ఇది సాధారణంగా 10,000 దాటుతుంది. ఈ పాజిటివ్‌కు కారణం కాగల రెండు విషయాలు, మీరు అడిగే పాత నమూనా, కేస్ షీట్‌లో రాసే ఒక్క వాక్యం రాసి తీసుకురండి.