రాత లెక్కను సమీకరణంగా మార్చడం ఎలా? మిర్చి టిక్కీల నుంచి పునుగుల బండి దాకా

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. 3క + 7 = 22 అని ఇస్తే టిఫిన్ తింటూ చేసేస్తుంది. అదే లెక్కను "ఒక సంఖ్యకు మూడు రెట్లు తీసుకుని ఏడు కలిపితే 22 వచ్చింది, ఆ సంఖ్య ఎంత?" అని అడిగితే మాత్రం పెన్ను కొరుకుతూ కూర్చుంటుంది. "ఏం చేయాలో ఇందులో చెప్పలేదుగా మామయ్యా" అంటుంది. నిజమే, చెప్పలేదు. కలపాలా, తీసేయాలా అన్నది వాక్యంలోంచి మనమే పట్టుకోవాలి. చాలామందికి బీజగణితం వచ్చు, వాక్యాన్ని చదవడమే రాదు. నాకూ పదో తరగతి దాకా రాలేదు, "లెక్క చూడగానే ఎక్స్ అనుకో" అని చెప్పిన మాస్టారు ఆ ఎక్స్ దేనికి పెట్టాలో ఒక్కసారీ చెప్పలేదు మరి.

(ఎక్స్ బదులు ఇక్కడ 'క' వాడుతున్నాను. ఇది నా సొంత తెలివేం కాదు. తెలియని రాశిని మన పాత గణిత పండితులు యావత్తావత్ అనేవాళ్లు, ఇంకా కావాలంటే కాలకం, నీలకం అని రంగుల పేర్లు పెట్టి, మొదటి అక్షరాలు మాత్రం రాసుకునేవాళ్లు.)

ముందు పెన్ను పక్కన పెట్టి చివరి వాక్యం చదవండి

ఏం కనుక్కోమన్నారో దాదాపు ప్రతిసారీ ఆఖర్లోనే ఉంటుంది. దానికే పేరు పెట్టండి, అదీ పూర్తి వాక్యంగా, యూనిట్‌తో సహా రాయండి. మిర్చి లెక్కలో "క = తాలు" (తాలు అంటే రంగు పోయిన నాసిరకం కాయ) అని రాస్తే సగం తప్పు అక్కడే జరిగిపోయినట్టు. "క = తాలు కాయల బరువు, క్వింటాళ్లలో" అని రాయాలి. అక్షరం వస్తువుకు పేరు కాదు, ఒక సంఖ్యకు పేరు. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే మిగతా టెన్షన్ చాలావరకు పోతుంది.

విభక్తి చూడండి, మాటల వరుస చూడకండి

నా లెక్కలో అసలు కీలకం ఇదే, దీన్నెవరూ విడిగా నేర్పరు. "ఒక సంఖ్యను 20 లోంచి తీసేస్తే" అన్నప్పుడు సంఖ్య ముందు వినిపించింది కదా అని క – 20 రాసేస్తారు. తప్పు. 'లోంచి' ఎవరికి అంటుకుందో చూడండి, 20కి. కాబట్టి 20 ముందు, 20 – క. తెలుగులో మాటలు అటూ ఇటూ మార్చినా అర్థం మారదు, 'లోంచి', 'కంటే', 'కు' మాత్రం పట్టుకున్నవాళ్లను వదలవు. "అక్క దగ్గర తమ్ముడి కంటే 50 ఎక్కువ" అంటే 'కంటే' తమ్ముడికి ఉంది, అంటే తమ్ముడి డబ్బుకు 50 కలిపితే అక్క డబ్బు వస్తుంది. కొందరు తిరగేసి, అక్క డబ్బుకు 50 కలిపితే తమ్ముడి డబ్బు అని రాసేస్తారు, పాపం అక్క నష్టపోతుంది.

"మూడు రెట్లు ఎక్కువ" అన్న మాటతో మాత్రం జాగ్రత్త. మన వాడుకలో ఎక్కువమందికి అది 3క, పట్టుబట్టి అర్థం తీసేవాళ్లకు 4క. మీరే లెక్క తయారుచేస్తుంటే ఆ 'ఎక్కువ' తీసేసి "మూడు రెట్లు" అని ఊరుకోండి.

ఇప్పుడు ఒక మిర్చి లెక్క

గుంటూరు యార్డులో మిర్చి బస్తాను టిక్కీ అంటారు, ధర క్వింటాలుకు చెబుతారు. ఒక రైతు 30 టిక్కీలు తెచ్చాడు, ఒక్కోటి 40 కిలోలు. మంచి కాయకు క్వింటాలు 15,000, తాలుకు 7,000 పలికింది (ధరలు లెక్క కోసం నేను వేసుకున్నవి, యార్డుకు వెళ్లి నా పేరు చెప్పకండి). మొత్తం 1,48,000 వచ్చాయి. తాలు ఎన్ని టిక్కీలు?

అడిగింది టిక్కీలు, ధర ఉన్నది క్వింటాలుకు. అందుకని ముందు బరువు: 30 × 40 = 1,200 కిలోలు, అంటే 12 క్వింటాళ్లు. తాలు బరువు క క్వింటాళ్లు అనుకుంటే మంచి కాయ 12 – క. చాలామంది ఇక్కడ రెండో అక్షరం తెచ్చిపెట్టుకుంటారు, అవసరం లేదు, మొత్తం తెలిసినప్పుడు ఒకటి తెలిస్తే మిగిలింది రెండోదే.

15,000(12 – క) + 7,000క = 1,48,000
1,80,000 – 15,000క + 7,000క = 1,48,000
1,80,000 – 8,000క = 1,48,000
8,000క = 32,000
క = 4

నాలుగు క్వింటాళ్లు, అంటే 400 కిలోలు, 10 టిక్కీలు. క = 4 రాగానే "4 టిక్కీలు" అని రాసేసి లేచిపోయేవాళ్లను నేను బోలెడుమందిని చూశాను. సరిచూసుకోవడం ఎప్పుడూ సమీకరణంలో కాదు, కథలో చేయాలి: 8 క్వింటాళ్ల మంచి కాయకు 1,20,000, 4 క్వింటాళ్ల తాలుకు 28,000, కలిపితే 1,48,000. సరిపోయింది. సమీకరణమే తప్పుగా రాసి ఉంటే అందులో ప్రతిక్షేపిస్తే అది సరిగ్గానే సరిపోతుంది, మిమ్మల్ని మోసం చేస్తుంది.

"అటు వెళితే గుర్తు మారుతుంది" అని బట్టీ పట్టించే పద్ధతి నాకు నచ్చదు. ఏదీ ఎటూ వెళ్లదు, రెండు వైపులా ఒకే పని చేస్తున్నాం, అంతే. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన = గుర్తును రెండు సమాంతర గీతలుగా గీసింది కూడా, వాటికంటే సమానమైనవి ఇంకేం ఉంటాయని.

వయసుల లెక్కలు ఒక్క ముక్కలో: ఏళ్లు అందరికీ గడుస్తాయి. తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు, ఆరేళ్ల తర్వాత 3 రెట్లు అంటే 4క + 6 = 3(క + 6). కొడుక్కి 12, తండ్రికి 48. ఆ ఆరు ఇద్దరికీ కలపాలి, కుండలీకరణం మరిచిపోకూడదు.

'సమానం' లేనప్పుడు

బతుకులో సగం లెక్కలు సమీకరణాలు కావు, అసమీకరణాలు. బడ్జెట్ ఇంత మించకూడదు, కనీసం ఇంత మిగలాలి, ఇలా ఉంటాయి. 'కనీసం', 'తక్కువ కాకుండా' అంటే ≥. 'మించకుండా', 'మహా అయితే' అంటే ≤. 'కనీసం' వినగానే తక్కువ గుర్తు పెట్టేస్తారు, అందులో తక్కువ అన్న వాసన ఉంది కాబట్టి. కనీసం వెయ్యి కావాలంటే వెయ్యో, ఆపైనో కావాలని. 'లోపు' మాత్రం సందర్భాన్ని బట్టే, 500 లోపు చీర అంటే 500ది కూడా చూపిస్తారు, పదేళ్ల లోపు పిల్లలు అంటే పదేళ్లు నిండినవాళ్లను అడ్డుకోవచ్చు.

విజయవాడలో ఒక పెళ్లి అనుకోండి. హాలుకు 40,000, భోజనం ప్లేటు 250, మొత్తం 1,60,000 మించకూడదు. 40,000 + 250క ≤ 1,60,000. అంటే 250క ≤ 1,20,000, క ≤ 480. ప్లేటు 260 అయితే 461.5 చిల్లర వస్తుంది. బడిలో నేర్పినట్టు సగం దాటిందని 462 చేస్తే బడ్జెట్ దాటిపోతారు, 461 మందినే పిలవాలి.

ఇదే లెక్కను కొందరు "మిగిలింది హాలుకు సరిపోవాలి" అని 1,60,000 – 250క ≥ 40,000 గా రాస్తారు. అదీ సరైనదే, కాకపోతే – 250క ≥ – 1,20,000 దగ్గరికొచ్చాక రుణ సంఖ్యతో భాగించాలి, అప్పుడు గుర్తు తిరగబడి క ≤ 480 అవుతుంది. ఎందుకు తిరగబడుతుందో అప్పుల్లో చూస్తే తేలిక. జేబులో 5 వేలున్నవాడు 2 వేలున్నవాడి కంటే మెరుగు, అప్పుల్లో మాత్రం 2 వేలవాడే మెరుగు. అందుకే 5 > 2, కానీ – 5 < – 2.

ఇక పునుగుల బండి. రోజుకు గ్యాసు, అద్దె కలిపి 900 ఖర్చు. ప్లేటుకు పిండి, నూనె, చట్నీ 14, అమ్మేది 30. కనీసం వెయ్యి మిగలాలంటే ఎన్ని ప్లేట్లు అమ్మాలి? ప్లేటుకు మిగిలేది 16, కాబట్టి 16క – 900 ≥ 1,000. 16క ≥ 1,900, క ≥ 118.75. ఇక్కడ కిందికి కాదు, పైకి వెళ్లాలి. 118 ప్లేట్లకు 988 మాత్రమే మిగులుతుంది, 119కి 1,004.

ఇది చెప్పాక మా మేనకోడలు కాసేపు ఆలోచించి, "ప్లేటుకు ఎనిమిది పునుగులైతే ఆఖరి ప్లేటులో ఆరే వేసి, ఆ మేరకే డబ్బు తీసుకుంటే సరిగ్గా వెయ్యి మిగులుతుందిగా మామయ్యా" అంది. లెక్కలో తప్పు దొరకలేదు.